బ్యాటరీ సెల్లు చార్జి దిగేకొద్దీ థర్మిస్టర్ వేడి ఎక్కువ చూపిస్తోంది, ఎక్కడ తప్పు?

ప్రశ్న – చీపురుపల్లి నుంచి

అన్నలూ, మా పాకలో 200 నాటుకోడి పిల్లలున్నాయి, వారం వయసు. బ్రూడర్ (పిల్లలకి వేడినిచ్చే బల్బులు) కింద 33 డిగ్రీలు ఉండాలి. రాత్రి మాటిమాటికీ లేవలేక వేడి కొలిచే మీటరు చేసుకున్నాను: 10కె ఎన్‌టీసీ థర్మిస్టర్ (వేడిని బట్టి ఓములు మారే సెన్సరు, బీటా 3950), 10కె రెసిస్టర్, 3.3 వోల్టుల ప్రో మినీ (చిన్న ఆర్డుయినో బోర్డు), ఒక 18650 లిథియం సెల్లు. సెల్లు ప్లస్ నుంచి రెసిస్టర్, దాని కింద థర్మిస్టర్, ఆ తర్వాత గ్రౌండు. మధ్య జాయింటు ఏ0కి (బోర్డులో వోల్టేజి కొలిచే పిన్ను).

ఫుల్ చార్జిలో గాజు థర్మామీటరుతో సరిచూసి సెట్ చేశాను. మూడో రాత్రి 37 చూపించింది. పిల్లలు వేడికి తాళలేవని ఒక బల్బు ఆపేశాను. తెల్లారి చూస్తే అన్నీ ఒక మూల గుట్టగా పడున్నాయి, అడుగున రెండు చచ్చిపోయాయి. గాజుది 29, నాది 33. థర్మిస్టర్ పోయినట్టా? ఏటి చెయ్యమంటారు?

జవాబు – శ్రీకాకుళం, సెల్‌ఫోన్ రిపేరు

తమ్ముడూ, థర్మిస్టర్ మంచిదే. తప్పంతా సెల్లు ప్లస్ నుంచి తీసిన ఆ తీగలో ఉంది.

33 డిగ్రీల్లో థర్మిస్టర్ సుమారు 7.07 కిలో ఓములు. సెట్ చేసినప్పుడు సెల్లు 4.1లో ఉంటే జాయింటు దగ్గర 1.70 వోల్టులు. సెల్లు 3.7కి దిగితే అదే వేడికి 1.53. ప్రో మినీ కొలిచేది బోర్డు మీది రెగ్యులేటర్ నిలకడగా ఇచ్చే 3.3తో, సెల్లు దిగిన సంగతి దానికి తెలీదు. ఎన్‌టీసీకి వేడెక్కితే ఓములు తగ్గుతాయి కదా, అందుకని తగ్గిన వోల్టేజిని వేడి కింద లెక్కేసింది. 1.53ని పాత లెక్కలో వేసి చూడు, 37 వస్తుంది.

రెసిస్టర్ పైకొసని వీసీసీ పిన్నుకి (బోర్డులో ఆ 3.3 వచ్చే పిన్ను) మార్చు. కోడ్‌లో 4.1 తీసేసి, ఏ0 ఇచ్చే అంకె 1023లో ఎంత అన్నదొక్కటే వాడు. కొలిచేదీ కొలబద్దా ఒకటే అయితే, దిగినా రెండూ కలిసే దిగుతాయి. 33కి 424 దగ్గర రావాలి.

ఇంకో మాట. ఈ రెసిస్టర్, థర్మిస్టర్ జంట 33 డిగ్రీల్లో ఎప్పుడూ సుమారు 193 మైక్రో ఆంపియర్లు తాగుతుంది, రోజుకి సెల్లు చార్జిలో సుమారు 4.6 ఎంఏహెచ్. వీసీసీ బదులు ఒక డిజిటల్ పిన్ను నుంచి ఇచ్చి, చదివేటప్పుడే ఆన్ చేస్తే అదీ మిగులుతుంది.

జవాబు – బొబ్బిలి

తీగ పొడుగైనా పర్లేదు బాబూ, 25 దగ్గర డిగ్రీకి 440 ఓములు మారే చోట తీగలో ఒక ఓము లెక్కలోకి రాదు. చెమ్మే ప్రమాదం. కాళ్ళ మధ్య తడి చేరితే ఓములు తగ్గి మళ్ళీ వేడే ఎక్కువ చూపిస్తుంది. హీట్ ష్రింక్ గొట్టం తొడిగి మూతి మూసెయ్యి. సెల్లుని మాత్రం బల్బు కింద పెట్టకు, బయటే ఉంచు.

ప్రశ్న అడిగినవారు

వీసీసీకి మార్చాను అన్నా. గాజుది 33 చూపిస్తుంటే నా ఏ0 అంకె 426. రాత్రంతా కూర్చుని చూశాను, సెల్లు 3.6కి దిగినా కదల్లేదు. రెండో బల్బు వెలుగుతోంది, పిల్లలు విడివిడిగా పడుకున్నాయి.