వాల్పుర్గిస్ రాత్రి: సన్యాసిని పేరు మంత్రగత్తెల పండక్కి ఎలా వచ్చింది?

ప్రశ్న: ఏప్రిల్ 30 రాత్రి మంత్రగత్తెలు చీపుళ్లెక్కి జర్మనీలోని బ్రొకెన్ కొండకు పోతారని జర్మన్ల నమ్మకం కదా, ఆ రాత్రికి వాల్పుర్గా అనే సన్యాసిని పేరెలా వచ్చింది? దక్షిణ జర్మనీలోని బవేరియాలో అద్దెకుండేవాళ్లు ఆ రాత్రి జాగ్రత్త పడాల్సిందేమైనా ఉందా?

జవాబు 1: పేరు తేదీ కలవడం వల్లే వచ్చింది. వాల్పుర్గా 8వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి వెళ్లి జర్మనీలోని హైడెన్‌హైమ్ మఠానికి పెద్దయింది. పోయింది ఫిబ్రవరి 25న. సుమారు 870లో ఆవిడ అస్థికలను ఐష్టెట్ ఊరికి తెచ్చారు, దాని గుర్తుగా చేసే పండగ మే 1న పడింది; ఏప్రిల్ 30 దానికి ముందు రాత్రి. నిజానికి చేతబడి తగలకుండా కాపాడమని ఆవిడకే మొక్కేవాళ్లు.

భయమంతా పాడి గురించే. చలికాలమంతా కట్టేసిన ఆవుల్ని మేతకు తోలే రోజులవి. మంత్రగత్తెలు పాలు ఎండగొడతారేమోనని కొట్టం తలుపుల మీద సుద్దతో మూడు శిలువలు గీసేవాళ్లు, గడప మీద చీపురు అడ్డం పెట్టేవాళ్లు. కొరడాలు ఝుళిపించి, గంటలు మోగించి నానా గోల చేసేవాళ్లు.

జవాబు 2: బవేరియాలో దీని పేరు ఫ్రైనాఖ్ట్. భయం మంత్రగత్తెలతో కాదు, అల్లరికి బయట ఉన్న వస్తువులు ఎత్తుకెళ్లే కుర్రాళ్లతో! పొద్దుగూకకముందే పూలకుండీలు, డోర్‌మ్యాట్, చెత్తడబ్బా, సైకిలు లోపల పెట్టేయండి. తోట గేటు పైకెత్తితే కీళ్ల నుంచి ఊడొచ్చే రకమైతే తీగతో బిగించండి, లేకపోతే పొద్దున ఊరి నడిబొడ్డున వెతుక్కోవాలి. కారుకు టాయిలెట్ పేపర్ చుడితే నవ్వి ఊరుకోవచ్చు. మ్యాన్‌హోల్ మూత తీస్తే మాత్రం నేరమే, ఆచారమంటే పోలీసులు వినరు.

జవాబు 3: తూర్పు జర్మనీలోని సాక్సనీ వైపు హెక్సెన్‌ఫాయర్ (మంత్రగత్తెల మంట) వేస్తారు. చూడ్డానికి మన భోగిమంటే, కాకపోతే తెల్లవారుజామున కాదు, చీకటి పడ్డాక. పైన గడ్డితో చేసిన మంత్రగత్తె బొమ్మ. అసలు తప్పు జరిగేది పేర్చడంలో: నాలుగు రోజుల ముందే కొమ్మలు కుప్పేస్తే హెడ్జ్‌హాగ్‌లు (ఒంటినిండా ముళ్లుండే చిన్న జంతువులు) దూరి కూర్చుంటాయి. అందుకే అంటించే రోజున కుప్పంతా విప్పి పక్కన మళ్లీ పేర్చాలి. రంగేసిన చెక్క వద్దు, పచ్చికొమ్మలు వేస్తే పొగే.

ప్రశ్న వేసినవారు: బ్రొకెన్ మీద కనిపించే పెద్ద నీడ సంగతేమిటి?

జవాబు 1: అది మీ నీడే. వెనక సూర్యుడు కిందికి వాలి ఉండాలి, ముందు పొగమంచు ఉండాలి. ఆ మంచు తెర మీద నీడ రాక్షసిలా సాగుతుంది, తల చుట్టూ రంగుల వలయం. 1141 మీటర్ల ఆ శిఖరాన మంచుకు కొదవే లేదు. పండగ సందడి మాత్రం కింద షీర్కే, టాలే అనే ఊళ్లలో. అక్కడికైనా మందపాటి కోటు మరవకండి.