అప్‌డేట్: కోరాపుట్‌లో జామ జెల్లీ బంకలా సాగడానికి కారణం తెలిసింది

విజయనగరంలో చక్కగా కుదిరే జామ జెల్లీ, అదే కొలతలతో ఇక్కడ కోరాపుట్‌లో చేస్తే పాకం ముదిరి బంకలా సాగుతోందని అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ముందు ఉత్త నీళ్లు మరిగించి థర్మామీటర్ చూడమన్న మేడమ్ గారి సలహాతోనే చిక్కు విడింది.

ఇక్కడ నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతున్నాయి! ఊరు సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది కదా. జెల్లీని దించడానికి పుస్తకాల్లో రాసే 105 డిగ్రీలు సముద్ర తీరానికి సరిపోయే లెక్క. అసలు చూడవలసింది నీరు మరిగే వేడి కంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ ఉందా అన్నదే. అప్పటికి చక్కెర దాదాపు 65 శాతానికి చేరుతుంది. చక్కెర నీటిని తనవైపు లాక్కుంటే, నిమ్మరసం పులుపుకు పెక్టిన్ (పండులో ఉండే, జెల్లీని గట్టిపరిచే పదార్థం) పోగులు ఒకదాన్నొకటి వికర్షించడం మాని వలలా అల్లుకుంటాయి. ఇక్కడ 105 దాకా కాస్తే నీరు మరీ ఇగిరిపోతుంది, ఎక్కువసేపు మరిగి పెక్టిన్ కూడా విరిగిపోతుంది.

ఇప్పుడు 101, 102 మధ్య దించేస్తున్నాను. గరిటె నుంచి చుక్కలు విడివిడిగా కాకుండా కలిసి పొరలా జారడం కూడా చూసుకుంటున్నాను. జెల్లీ అద్దంలా నిలబడింది, ఎంత సంతోషమో!

జామ రకం, గిన్నె లోహం, నీటి ఉప్పదనం గురించి చాలా చర్చ జరిగింది. వాటిలో ఏదీ కారణం కాదు. నిమ్మరసం కొలత కూడా మార్చలేదు. జయపురం, సునాబెడలలో చేసేవారు కూడా ముందు నీళ్లు మరిగించి చూసుకోండి.