మంచాన ఉన్న అమ్మకు ఇంట్లో ఎనిమా ఇవ్వవచ్చా?

దేవరకొండ నుంచి ప్రశ్న:
మా అమ్మకు 74 ఏళ్ళు. తుంటి ఎముక విరిగి మూడు వారాలుగా మంచం మీదే ఉంది. నొప్పికి ట్రామడాల్ వాడుతున్నాం, షుగరు ఉంది, పోయిన నెల కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా, 2.1 వచ్చింది. ఆరు రోజులుగా విరేచనం కాలేదు, అయితే నిన్నటి నుంచి పక్కబట్టకు నీళ్ళలాంటి మరక అంటుతోంది. పక్కింటి పెద్దమ్మ మలద్వారం గుండా సబ్బు నీళ్ళు ఎక్కిస్తే గంటలో తేలికవుతుందని చెప్పి, తమ పాత ఎనిమా డబ్బా ఇచ్చారు. మందుల దుకాణంలో ఫాస్ఫేట్ ఎనిమా కూడా ఉందన్నారు. ఏది ఇవ్వాలి?

మహబూబ్‌నగర్ నుంచి, విశ్రాంత స్టాఫ్ నర్సు:
దయచేసి రెండూ ఇవ్వకండి. ఆ మరకను విరేచనం అనుకోవద్దు; గట్టిపడిన మలం కింద బిరడాలా అడ్డుపడితే, పైనున్న పలుచని మలం దాని పక్కల నుంచి కారుతుంది. చాలామంది దాన్ని నీళ్ళ విరేచనాలని భ్రమపడి, అవి ఆగే మాత్ర వేసి కష్టాన్ని రెట్టింపు చేస్తారు. అడ్డు ఉందో లేదో వైద్యులు చేతొడుగు వేసుకుని వేలితో పరీక్షించి తేల్చాలి. ఫాస్ఫేటు సంగతికొస్తే, కిడ్నీలు బలహీనంగా ఉన్నవారిలో అది రక్తంలో పేరుకుని, కాల్షియం పడిపోయి, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆరోగ్యవంతులకైనా 24 గంటల్లో ఒకటి మించకూడదు. సబ్బు పేగు లోపలి పొరను మండించి పుండు చేస్తుంది.

మిర్యాలగూడ నుంచి:
నర్సమ్మగారి మాట వినండి. తెలిసినవారొకరు మా నాయనకు ఒకే పూట మూడుసార్లు మామూలు నీళ్ళు ఎక్కించారు. సాయంత్రానికి నాయన మమ్మల్ని గుర్తుపట్టలేదు. రక్తంలో సోడియం బాగా తగ్గిందని ఆసుపత్రిలో చెప్పేదాకా, నీళ్ళతో ఇలా జరుగుతుందని మాకెవరికీ తెలియదు.

నర్సు:
అందుకే వైద్యులు ఇంట్లో ఇవ్వమన్నప్పుడు మామూలు నీళ్ళ బదులు ఉప్పు నీళ్ళు వాడతాం: కాచి చల్లార్చిన లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు, అంటే టీ చెంచాతో తలకొట్టి ఒకటిన్నర. అందులో ఎంత ఎక్కించాలో వైద్యులే చెప్పాలి. నీళ్ళు మణికట్టు మీద పోసుకుంటే వెచ్చగా తగలాలే తప్ప చురుక్కుమనకూడదు. ఎడమ పక్కకు పడుకోబెట్టి, కుడి మోకాలు మడిచి, గొట్టం కొనకు వాసెలిన్ రాసి, పెద్దవారికైతే మూడు నాలుగు అంగుళాలకు మించకుండా నెమ్మదిగా పెట్టాలి. డబ్బాను మంచం మీదుగా అడుగున్నర కంటే ఎత్తు పట్టుకోవద్దు. అడ్డు తగిలినా, నొప్పి అన్నా, నెట్టకుండా ఆపేయాలి. కడుపు ఉబ్బి వాంతులవుతున్నా, రక్తం పడుతున్నా, ఈమధ్య పేగుకు ఆపరేషన్ అయినా, ఇంట్లో ఈ పని తలపెట్టనే కూడదు.

దేవరకొండ నుంచి:
నిన్ననే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మీరన్నట్టే అడ్డు ఉందని చెప్పి నెమ్మదిగా తొలగించారు. నొప్పి మాత్ర మార్చి, మలం మెత్తబడేందుకు రోజూ రాత్రి లాక్టులోజ్ సిరప్ ఇవ్వమన్నారు. పొద్దున అమ్మ చాలా రోజులకు గటక అడిగి తిన్నది. డబ్బా తిరిగి ఇచ్చేటప్పుడు దాని రబ్బరు గొట్టాన్ని వంచి పెద్దమ్మకు చూపించాను; మడత పడ్డచోటల్లా పగుళ్ళే, లోపల నల్లగా పాచి.