అప్‌డేట్: మీరు చెప్పిన రెండు ఆల్బమ్స్ విన్నాను

ఒక్క పాట కూడా దాటేయకుండా వినగలిగే 2024 రాక్, పాప్ ఆల్బమ్స్ చెప్పమని అడిగాను కదా. ఎక్కువమంది చెప్పిన రెండూ విన్నాను.

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ద క్యూర్ వాళ్ల ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’ మనసు పిండేసింది. 2008 తర్వాత వాళ్ల కొత్త పాటల ఆల్బమ్ ఇదే. ‘అలోన్’ పాటలో మూడు నిమిషాలు దాటేదాకా బ్యాండ్ గాయకుడు రాబర్ట్ స్మిత్ గొంతే వినపడదు. డ్రమ్స్, కీబోర్డులు నెమ్మదిగా కమ్ముకున్నాక వస్తుంది. అరవై దాటినా అదే గొంతు! తన అన్నయ్య పోయిన బాధతో స్మిత్ రాసిన ‘ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై’ అయ్యాక కాసేపు ఆపేయాల్సి వచ్చింది.

రెండోది, పాప్ గాయని బిల్లీ ఐలిష్ ‘హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్’లో పది పాటలే. అందరూ ‘బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్’ అంటారు గానీ, మధ్యలో ఒక్కసారిగా సింథ్ పాప్‌లోకి (సింథసైజర్ మోతల పాప్) మళ్లే ‘లామూర్ ద మా వీ’యే నాకు ప్రాణం.

ఇక క్యూర్ పాతవి వింటాను, 1989 నాటి ‘డిసింటిగ్రేషన్’తో మొదలు.