జిప్సీకి పవర్ స్టీరింగ్: మోటారా, పంపా?

గోదారిగట్టు:
బండి మారుతి జిప్సీ కింగ్, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేని, పెట్రోలు ఇంజెక్షన్ ఇంజిన్). బండిని రెండంగుళాలు పైకి లేపిన లిఫ్ట్, 235/75 ఆర్15 మడ్ టైర్లు. హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. మారేడుమిల్లి వైపు గాలి తగ్గించి రాళ్లలోకి దిగితే మాత్రం స్టీరింగ్ తిప్పలేక భుజాలు పడిపోతున్నాయి. రెండు దారులు చెబుతున్నారు. ఒకటి, పాత వ్యాగన్ఆర్‌ది ఎలక్ట్రిక్ కాలమ్ (ఈపీఎస్), అంటే స్టీరింగ్ కడ్డీకే మోటారు. రెండోది, ఇంజిన్‌కి పంపు పెట్టి ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ స్టీరింగ్ బాక్సు. ఏది వేయమంటారు, ఎందుకు?

కరెంటుమావయ్య:
ఈపీఎస్సే. డాష్‌బోర్డు కింద ఇమిడిపోతుంది. చాసిస్ ముట్టుకోనక్కర్లేదు. బెల్టు లేదు, ఆయిల్ లేదు, కారే గొట్టం లేదు. స్టీరింగ్ తిప్పనప్పుడు ఇంజిన్ బలం కూడా తినదు. నచ్చకపోతే విప్పేసి పాత కాలమ్ పెట్టుకోవచ్చు. హైడ్రాలిక్ వేశాక వెనక్కి రావడం అంత తేలిక కాదు.

లేత్‌బాబాయ్:
మావయ్య గారూ, లాభాలన్నీ చెప్పారు, బలం ఎటు వెళ్తుందో చెప్పలేదు. ఈపీఎస్ మోటారు ఉండేది కాలమ్ మీద. అది కలిపే బలమంతా కింది షాఫ్టు, యూనివర్సల్ జాయింట్లు దాటి పాత మాన్యువల్ బాక్సులోని వార్మ్, బాల్ నట్ (మర, దాని మీద గుండ్లతో జరిగే నట్టు) గుండా వెళ్లాలి. ఆ బాక్సును మనిషి చేతి బలానికి లెక్కేసి చేశారు. హైడ్రాలిక్‌లో ఆయిల్ పిస్టన్‌ను నెడుతుంది, పిస్టన్ సెక్టార్ షాఫ్టును (బాక్సు నుంచి బయటికొచ్చే షాఫ్టును) తిప్పుతుంది. పైనున్న షాఫ్టు మీద, జాయింట్ల మీద పడేది మీ చేతి బలమే. తారు రోడ్డు మీద ఈ తేడా ఎవరికీ తెలియదు. టైరు రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు తెలుస్తుంది. ఇరవై ఏళ్లు నడిచిన బాక్సును విప్పి చూడకుండా దాని మీద మోటారు పెట్టడం నాకు సమ్మతం కాదు.

కరెంటుమావయ్య:
బాబాయ్ చెప్పిన దారి నిజమే. కానీ ఆ కాలమ్ కారులో ర్యాక్‌ను (పళ్ల కడ్డీ స్టీరింగ్‌ను) తిప్పడానికి పుట్టింది. మన బాల్ బాక్సు గేరింగ్ ర్యాక్ కంటే నెమ్మది. అంటే చక్రం దగ్గర అంతే బలం కావాలంటే షాఫ్టు మీద తక్కువ బలం సరిపోతుంది. బాక్సు బాగుంటే తట్టుకుంటుంది. పాడైన బాక్సుకి ఏది పెట్టినా దండగే.

పాకాల_జీపు:
అన్నా, అసలు సంగతి ఇడిసిపెట్టి పంపు, మోటారు అని కొట్లాడుతున్రు. ముందుగాల స్టీరింగ్ ఎందుకు బరువైందో చూడున్రి. ముందు చక్రాలు రెండూ జాకీ మీద లేపి, డ్రాగ్ లింక్ (బాక్సు నుంచి చక్రానికి పోయే కడ్డీ), టై రాడ్ (రెండు చక్రాలను కలిపే కడ్డీ) ఇప్పి, ఒక్కో నకుల్‌ను (చక్రాన్ని మోసి తిప్పే ముక్కను) చేత్తోని ఇటు అటు తిప్పున్రి. సన్నగ బిగువుతోని సాఫీగ తిరగాలె. నడుమ నడుమ ఆగి ఆగి తిరుగుతున్నదంటే కింగ్ పిన్ (నకుల్ తిరిగే ఇరుసు) బేరింగ్ కప్పులల్ల గుంటలు పడ్డట్టే. బురదల ఆడిన బండ్లల్ల నకుల్ గోళం మీది సీలు పోయి లోపల గ్రీజు బురదైతది. కొత్త బేరింగులు ఏసినంక షిమ్ములు (పల్చటి రేకు బిళ్లలు) సరిగ పెట్టకపోతే మల్ల అదే కథ: షిమ్ములు తీస్తే బిగుస్తది, ఏస్తే వదులైతది. స్ప్రింగ్ తక్కెడతోని గుంజి చూసి సర్వీస్ మాన్యువల్ల ఉన్న అంకెకు తేవాలె.

ఇంకోటి. బాక్సు మీద సెక్టార్ అడ్జస్ట్ స్క్రూ ఉంటది. ప్లే (స్టీరింగ్ల వదులు) పోవాలని మెకానిక్‌లు దాన్నే గట్టిగ బిగిస్తరు. నడుమల పట్టేసినట్టైతది, మలుపు తీస్కున్నంక స్టీరింగ్ దానంతట అది తిరిగి రాదు. ఇవి చూడకుంట పవర్ ఏస్తే రోగం కనవడకుంట పోతది గంతే, లోపల నమిలేస్తనే ఉంటది.

గోదారిగట్టు:
నకుల్స్ చూడలేదు, చూస్తాను. అవి బాగానే ఉన్నాయనుకుని వైరింగ్ సంగతి చెప్పండి. ఈపీఎస్ మోటారును నడిపే కంట్రోలర్‌కి ఏమేం కావాలి?

కరెంటుమావయ్య:
నాలుగు: బ్యాటరీ నుంచి నేరుగా మెయిన్, ఇగ్నిషన్ లైను, ఇంజిన్ ఆర్పీఎం సిగ్నల్, స్పీడ్ సిగ్నల్. మెయిన్‌కి 10 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు. ఎర్తు కూడా అంతే లావు వైరుతో బ్యాటరీ నెగటివ్‌కే తేవాలి, డాష్‌బోర్డు రేకుకి బిగించొద్దు. రాళ్లలో పూర్తి అసిస్ట్‌లో మోటారు 40-50 ఆంపియర్లు లాగేస్తుంది. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ అంత ఇవ్వదు, లోటు బ్యాటరీ పూడుస్తుంది. పాత బ్యాటరీ అయితే లైట్లు మందగిస్తాయి, కంట్రోలర్ తక్కువ వోల్టేజీ చూసి అసిస్ట్ ఆపేస్తుంది.

కార్బురేటర్ జిప్సీ అయితే ఆర్పీఎం కాయిల్ నెగటివ్ నుంచి తీస్తారు. అక్కడ వందల వోల్టుల స్పైకులు వస్తాయి, ఫిల్టర్ లేకుండా కలిపితే కంట్రోలర్ కాలిపోతుంది. స్పీడ్ పల్స్ ఇవ్వకపోతే రెండింట్లో ఒకటి జరుగుతుంది. ఇంజిన్ తిరుగుతున్నా వేగం సున్నా అని చూసి కంట్రోలర్ ఫాల్ట్ పెట్టుకుంటుంది, లేదా 80లో కూడా పార్కింగ్ అసిస్టే ఇస్తుంది. లిఫ్ట్ చేసిన పొట్టి వీల్‌బేస్ బండిలో రెండోదే ప్రమాదం. కేబుల్ స్పీడోమీటర్ ఉంటే కేబుల్ మధ్యలో బిగించే పల్స్ సెన్సర్ వేయాలి.

లేత్‌బాబాయ్:
ఘాట్‌లో ఇంజిన్ ఆగిపోయినా ఈపీఎస్ పనిచేస్తుందని చాలామంది అంటారు. ఆర్పీఎం అడిగే కంట్రోలర్ ఇంజిన్ ఆగాక సాయం ఆపేస్తుంది. ఇంజిన్‌తో పాటే పంపూ ఆగుతుంది, ఆ విషయంలో రెండూ సమానమే. ఎడతెరిపి లేకుండా లాక్ నుంచి లాక్‌కి (ఆ చివర నుంచి ఈ చివరకి) తిప్పుతుంటే మోటారు వేడెక్కి కంట్రోలర్ కరెంటు తగ్గిస్తుంది కూడా. గోదారిగట్టు గారికి సాయం కావాల్సింది సరిగ్గా అక్కడే.

పాకాల_జీపు:
మరి హైడ్రాలిక్‌ల ఏం పోదా బాబాయ్?

లేత్‌బాబాయ్:
ఎందుకు పోదు! చేతకాకుండా చేస్తే ఈపీఎస్ కంటే ఎక్కువే పోతుంది.

బాక్సు ఎంపికలోనే సగం మంది దెబ్బతింటారు. నెట్‌లో కనిపించే అమెరికా సుజుకి సమురాయ్ (జిప్సీ లాంటి బండి) కిట్లు ఎడమవైపు స్టీరింగ్ బండ్లవి, మన కుడివైపు చాసిస్‌కి అలాగే కూర్చోవు. బాక్సును తిరగేసి బిగిస్తే స్టీరింగ్ కుడికి తిప్పితే బండి ఎడమకి పోతుంది. కాబట్టి కుడివైపు బాక్సే వెతకాలి, పిట్‌మన్ ఆర్మ్ (బాక్సు నుంచి డ్రాగ్ లింక్‌ను కదిపే చేయి) ముందుకి ఉందో వెనక్కి ఉందో చూడాలి. స్ప్లైన్ (షాఫ్టు మీది పళ్లు) కలవకపోతే ఆర్మ్ కోసి వెల్డింగ్ చేసేవాళ్లున్నారు, అలాంటి షాపు గడప తొక్కొద్దు. ఆర్మ్ పొడుగైతే స్టీరింగ్ చురుగ్గా ఉంటుంది కానీ బాక్సు మీద భారం పెరుగుతుంది. పొట్టిదైతే నకుల్ స్టాప్ తగలకముందే బాక్సు లోపల ఆగిపోతుంది, మలుపు పెద్దదైపోతుంది.

చాసిస్ రైల్ డొల్ల. అందులోంచి బోల్టు వేసి బిగిస్తే రేకు నలుగుతుంది, నెలలు తిరిగేసరికి పగులు. రైల్‌కి ఆరపార గొట్టం వెల్డ్ చేసి, రెండువైపులా 5 మి.మీ. ప్లేటు వేసి, గొట్టంలోంచి 10.9 గ్రేడు బోల్టులు పోనివ్వాలి.

పంపు సంగతి: మారుతి ఎస్టీమ్ కారుది మీ జిప్సీ జీ13 కుటుంబం ఇంజినే, దానికి పవర్ స్టీరింగ్ పంపు వచ్చింది. బ్రాకెట్‌తో సహా తెచ్చి పెట్టి చూడండి. పుల్లీల గాడులు ఒకే గీతలో ఉన్నాయో లేదో స్కేలు ఆనించి చూడాలి. ప్రెషర్ గొట్టం చివర్లు మెషీన్‌తో నొక్కి బిగించిందే (క్రింప్) వాడాలి, హోస్ క్లిప్‌లు రిటర్న్ లైనుకే పనికొస్తాయి.

గాలి తీయడం: ముందు చక్రాలు లేపి, ఇంజిన్ ఆపి, ఏటీఎఫ్ (పవర్ స్టీరింగ్‌లో పోసే ఆయిల్) నింపుతూ ఆ చివర నుంచి ఈ చివరకి పదిహేను ఇరవైసార్లు మెల్లగా తిప్పాలి. తర్వాతే స్టార్ట్ చేయాలి. ఆయిల్ నురగ తేలితే బండి ఆపి వదిలేయండి, అదే దిగుతుంది. లాక్‌లో ఐదు సెకన్లకు మించి పట్టుకుంటే పంపు అరుస్తుంది, ఆయిల్ కాలుతుంది.

కాయితాలరాయుడు:
ఒక మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా మార్పు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమావాళ్లు మొదట చూసేది స్టీరింగ్, బ్రేకులే. కోసి అతికించిన షాఫ్టు ఫొటో చాలు వాళ్లకి. ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

కరెంటుమావయ్య:
షాఫ్టు మాట వచ్చింది కాబట్టి: ఈపీఎస్ కాలమ్ స్ప్లైన్, జిప్సీ కింది షాఫ్టు స్ప్లైన్ ఒకటి కావు. రెండు ముక్కలు ఎదురెదురుగా పెట్టి వెల్డ్ చేయొద్దు. రెండు చివర్లకీ సరిపడే స్ప్లైన్ యోక్ (కలిపే ముక్క) లేత్‌లో చేయించండి. టార్క్ సెన్సర్ (చేతి బలాన్ని కొలిచేది) దగ్గర వెల్డింగ్ వేడి తగిలితే సెన్సర్ మధ్యబిందువు జరుగుతుంది, స్టీరింగ్ వదిలితే దానంతట అదే ఒకవైపుకి తిరుగుతుంది. కాలమ్ లోపల వార్మ్ గేరు రాపిడి వల్ల తిరిగి రావడం ఎలాగూ కాస్త మందమే. లిఫ్ట్ వేశారు కాబట్టి క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగి నేరుగా వచ్చేలా చేసే ముందు చక్రాల వాలు) కొలిపించాకే బిగించండి.

గోదారిగట్టు:
నకుల్స్, సెక్టార్ స్క్రూ ముందు. అవి సరిచేశాక కూడా రాళ్లలో బరువుంటే హైడ్రాలిక్ వైపే మొగ్గుతున్నాను. డ్రాగ్ లింక్ పొడవు ఎలా పెట్టాలి?

లేత్‌బాబాయ్:
ముందు బాక్సు. ఆ చివర నుంచి ఈ చివరకి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సరిగ్గా సగంలో ఆపండి. ఈ బాక్సుల్లో పళ్లు బిగువుగా కలిసేది ఆ మధ్యలోనే. చక్రాలు నేరుగా పెట్టి, డ్రాగ్ లింక్ పొడవు దానికి తగ్గట్టు సర్దండి. స్టీరింగ్ వీల్ ఆఖరున తీసి నిటారుగా పెట్టుకోవాలి. ఈ వరస తలకిందులు చేసి, స్టీరింగ్ వీల్ నిటారు కోసం డ్రాగ్ లింక్ తిప్పితే బండి నేరుగా పోతున్నప్పుడు బాక్సు పక్కకి ఉంటుంది, హైవే మీద ప్లే తగ్గదు. ఇంకొకటి, పవర్ వచ్చాక చక్రం రాయికి తన్నుకున్న సంగతి చేతికి తెలియదు, తిప్పుతూనే ఉంటారు. టై రాడ్ వంగేది అప్పుడే. మందం గోడ గొట్టంతో చేసినది ఇప్పుడే వేసుకోండి.