అమ్మ వేలిముద్రలు పడట్లేదు, రెండు నెలలుగా బియ్యం రాలేదు. ఏం చేయాలి?

ప్రశ్న (సొంతూరు ప్రకాశం జిల్లా, ఉద్యోగం హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మాది కొండపి దగ్గర పల్లెటూరు. అమ్మకు 72 ఏళ్లు, ఊళ్లో ఒక్కతే ఉంటుంది. రేషన్ కార్డులోనూ ఆమె ఒక్కతే. ముప్పై ఏళ్లకు పైగా పొగాకు గ్రేడింగుకు వెళ్లింది. ఆ ఆకుల రాపిడికి వేళ్లు నున్నగా అరిగిపోయాయి. పోయిన నెలా, ఈ నెలా చౌక డిపోలో మెషిన్ మీద ఎన్నిసార్లు నొక్కినా ముద్ర పడలేదు. "ఆధార్ మార్పించుకొని రామ్మా" అని డీలరు పంపించేశాడట.

విచిత్రం ఏంటంటే, ఒకటో తారీఖున గ్రామ సచివాలయంలో పనిచేసే అమ్మాయి ఇంటికొచ్చి, ఫోన్‌లో అమ్మ మొహం చూపించి, పింఛను 4,000 చేతిలో పెట్టి వెళ్లింది. అదే మనిషి, అదే ఆధార్. పింఛనుకు పనికొచ్చింది బియ్యానికి ఎందుకు పనికిరాలేదు?

బియ్యం నేను కొనిస్తాను, దానికి లోటు లేదు. కానీ రాత్రి ఫోన్‌లో అమ్మ "ఆ మిషను నేను నేను కాదంటోందిరా" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

మీసేవ ఆపరేటర్, ఖమ్మం

అన్నా, ముందు ఆధార్ సెంటర్‌కు పరిగెత్తకండి. అరిగిన వేళ్లు అరిగినట్టే ఉంటాయి. మళ్లీ తీయించినా కొద్ది నెలల్లో అదే కథ మొదలవ్వచ్చు. మా దగ్గరికి మేస్త్రీలు, పత్తి తీసేవాళ్లు, గిన్నెలు తోమే అక్కలు రోజూ ఇదే బాధతో వస్తారు.

కుడి బొటనవేలే పెట్టాలని రూలేం లేదు. నమోదప్పుడు పది వేళ్లూ తీసుకున్నారు. ఉంగరం వేలు, చిటికెన వేలు పనిలో తక్కువ అరుగుతాయి, అవి పెట్టి చూడమనండి. వేలు మరీ పొడిగా ఉంటే ముద్ర రాదు. ముందు రాత్రి కొబ్బరినూనె రాసి, పొద్దున గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడుచుకొని వెళ్తే చాలామందికి పడింది. మెషిన్ అద్దం కూడా తుడవమనండి, అంతకుముందు వందమంది చేతి జిడ్డు దాని మీదే ఉంటుంది.

పౌరసరఫరాల శాఖలో చేసి రిటైరయినవాణ్ణి, ఒంగోలు

బాబూ, మీ అమ్మగారి మాట నన్ను కదిలించింది. డిపోల్లో ఈ వేలిముద్రల మెషిన్లు 2015లో పెట్టినప్పుడు నేను సర్వీసులోనే ఉన్నాను. దొంగ కార్డులు తగ్గాయి, తూకం లెక్క తేలింది. ఒక ఊరి కార్డుతో ఇంకో ఊళ్లో బియ్యం తీసుకోవడం కుదిరింది. 2019 ఆగస్టులో ఒక రాష్ట్రం కార్డు ఇంకో రాష్ట్రంలో చెల్లేలా దేశంలో మొదట కలిపిన జంటల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. ఆ రోజు మేం ఎంత సంతోషించామో! ఇవన్నీ నిజమే. కానీ మెషిన్ కాదన్నప్పుడు ఏం చేయాలో ఆ కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన బాధ్యత మాత్రం ఉంది.

2017 అక్టోబరు 24న ఆధార్ సంస్థే ఒక సర్క్యులర్ ఇచ్చింది. వేలిముద్ర పడకపోతే కంటిపాప చూడాలి, కార్డులో ఉన్న ఇంకొకరితో వేయించాలి, ఫోన్‌కు ఓటీపీ పంపాలి. ఏదీ కుదరకపోతే మనిషి అసలైన లబ్ధిదారే అని వేరే రుజువుతో నిర్ధారించుకొని, రిజిస్టర్లో రాసుకొని సరుకు ఇవ్వాలి. ముద్ర పడలేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదు. ఆ తర్వాత 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులోనూ ఇదే ప్రస్తావన వచ్చింది. ధ్రువీకరణ విఫలమైందని అర్హులెవరికీ ప్రయోజనం ఆగదని ప్రభుత్వం కోర్టుకు మాట ఇచ్చింది, కోర్టు దాన్ని నమోదు చేసుకుంది.

మీ అమ్మగారిది ఒంటరి కార్డు, ఇంకొకరు వేసే దారి లేదు. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. ముందు సచివాలయంలో వీఆర్వోను కలవండి. ముద్రలు పడనివాళ్లకు వీఆర్వో తన ముద్ర వేసి సరుకు ఇప్పించే ఏర్పాటు మన దగ్గర ఉంది. ఇంకో సంగతి, 2025 జూన్ నుంచి ఇంటింటికీ రేషన్ తెచ్చే బండ్లు పోయి మళ్లీ డిపోల ద్వారా ఇస్తున్నారు కదా, 65 ఏళ్లు దాటినవాళ్లకు డీలరే ఇంటికి తెచ్చి ఇవ్వాలి. అమ్మగారు అసలు డిపో దాకా నడవాల్సిన పనే లేదు.

అన్నిటికన్నా ముఖ్యం కాగితం. "ముద్ర పడలేదు" అని నోటితో చెప్పి పంపిస్తే అది ఎక్కడా లెక్కలోకి రాదు. పై అధికారులు చూసే కంప్యూటర్లో "సరుకు తీసుకోలేదు" అని మాత్రమే కనిపిస్తుంది. ఆమె రాలేదనుకుంటారు. వచ్చి, నిలబడి, వెనక్కి వెళ్లిన మనిషి ఆ తెర మీద ఉండదు. ఏ తారీఖున వెళ్లారో, ఎన్నిసార్లు నొక్కారో, తెర మీద ఏం వచ్చిందో రాసి సచివాలయంలో అర్జీ ఇవ్వండి, నంబరున్న రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు వెళ్లండి. జిల్లాలో పౌరసరఫరాలు చూసేది జాయింట్ కలెక్టర్. 2013 ఆహార భద్రత చట్టం 8వ సెక్షన్ ప్రకారం, హక్కుగా రావలసిన ధాన్యం ఇవ్వకపోతే దానికి బదులు భృతి ఇవ్వాలి. అడిగేవాళ్లు లేక అది పుస్తకంలోనే ఉండిపోయింది. మీరు అర్జీలో అడగండి.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, బెంగళూరు (ఊరు అనంతపురం)

పెద్దాయన చెప్పిన కాగితానికి జతగా ఇంకో రుజువు ఉంది. అది మీ ఫోన్‌లోనే దొరుకుతుంది.

ఆధార్ సైట్లో గానీ ఎమ్‌ఆధార్ యాప్‌లో గానీ "అథెంటికేషన్ హిస్టరీ" చూడొచ్చు. గత ఆరు నెలల్లో ఎప్పుడు, ఏ పద్ధతిలో ఆధార్ వాడారో, పాసయిందో ఫెయిలయిందో ఉంటుంది. అమ్మగారి ఆధార్‌కు లింకైన నంబరుకు ఓటీపీ వస్తుంది. నంబరు లింకు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి కలిపే సౌకర్యం 2021 నుంచి ఉంది.

ఫెయిలైన వరుసలో ఒక కోడ్ ఉంటుంది, అసలు విషయమంతా అందులోనే ఉంది. 300 అంటే వేలిముద్ర సరిపోలలేదు. 330 అంటే ఎవరో బయోమెట్రిక్ (వేలిముద్ర, కంటిపాప లాంటివి) లాక్ చేశారు. ఈ మధ్య ముద్రలతో డబ్బు కొట్టేసే మోసాల భయంతో పిల్లలు లాక్ పెట్టేసి, అమ్మానాన్నలకు చెప్పడం మర్చిపోతున్నారు. 811 అంటే ఆ బయోమెట్రిక్ డేటా అసలు రికార్డులోనే లేదు. 811 వచ్చినప్పుడు ఆధార్ సెంటర్‌కు వెళ్లక తప్పదు. 300కు కంటిపాప చాలు, 330కి లాక్ తీస్తే చాలు. జబ్బు ఏదో తెలియకుండా అందరికీ "ఆధార్ మార్పించుకో" అనే ఒకే మందు రాస్తున్నారు.

పింఛను ఎందుకు వచ్చిందంటే, ఆ అమ్మాయి మొహంతో ధ్రువీకరణ చేసింది, డీలరు వేలితో చేశాడు. ఆధార్ ఒకటే, తలుపులు వేరు.

బెంగళూరు ట్రిపుల్‌ఐటీలో తయారైన మోసిప్ అనే గుర్తింపు వ్యవస్థను ఇప్పుడు ఫిలిప్పీన్స్, ఇథియోపియా లాంటి దేశాలు వాడుతున్నాయి. అక్కడా చేతులు అరిగేలా పనిచేసే తల్లులున్నారు. రెండో తలుపు ఎలా తెరవాలో మనం ఇక్కడ నేర్చుకున్నది వాళ్లకూ పనికొస్తుందని నా ఆశ.

స్క్రీన్‌షాట్ పెడితే ఆధార్ నంబరు కనపడకుండా చెరిపేసి పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

నంబరు నాదే లింకయింది కాబట్టి వెంటనే చూశాను. పోయిన నెల నాలుగు వరుసలు, నాలుగూ 300. ఈ నెల ఐదో తారీఖున కూడా అమ్మ డిపోకు వెళ్లింది, గంట నిలబడింది. ఆ రోజు మాత్రం ఒక్క వరుస కూడా లేదు. దీని అర్థం ఏమిటి?

సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, బెంగళూరు

ఆ రోజు అభ్యర్థన ఆధార్ సర్వర్ దాకా వెళ్లలేదని అర్థం. సిగ్నల్ లేకపోయి ఉండొచ్చు, రేషన్ సర్వర్ ఆగి ఉండొచ్చు, మెషిన్ వేలిని సరిగ్గా పట్టుకోలేక ముందే వదిలేసి ఉండొచ్చు. కావాలని చేశారని దీన్ని బట్టి చెప్పలేం. కానీ ఒకటి మాత్రం ఖాయం. ఐదో తారీఖున ఆధార్ అమ్మగారిని "కాదు" అనలేదు. ఆమెను అది అడగనే లేదు. ఈ మాట అమ్మగారికి చెప్పండి.

పౌరసరఫరాల రిటైర్డ్, ఒంగోలు

ఆ పేజీ ప్రింటు అర్జీకి జతచేయండి. డీలరుతో గొడవ వద్దు, రేపు మళ్లీ ఆయన దగ్గరికే కదా వెళ్లాలి. తెర మీద ఏం వస్తే దాన్ని ఫొటో తీసుకుంటామని మర్యాదగా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు (తొమ్మిది రోజుల తర్వాత)

శనివారం ఊరికి వెళ్లాను. వీఆర్వో గారు ప్రింటు చూసి, మాతోపాటు డిపోకు వచ్చారు. కంటిపాప పరికరం పెట్టమన్నారు, అది సంచిలోనే ఉంది. రెండోసారికి పడింది. అమ్మ సంచి నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు, తనే మోసుకొచ్చింది. వచ్చే నెల నుంచి ఇంటికే తెచ్చిస్తానని డీలరు అన్నాడు.

పోయిన నెల బియ్యానికి బదులు భృతి ఇవ్వమని అర్జీలో రాశాం, రసీదు తీసుకున్నాం. మా వీధిలోనే ఇంకో ముగ్గురు పెద్దమ్మలకు ఇదే ఇబ్బంది అని అక్కడే తెలిసింది. ఇద్దరివి 300, ఒకావిడది 811. ఆవిడను తీసుకొని బుధవారం ఆధార్ సెంటర్‌కు వెళ్తున్నాం. ఏ కాగితాలు పట్టుకెళ్లాలో చెప్పగలరా?