లైట్‌రూమ్, డార్క్‌టేబుల్, డిజికామ్: మూడింట్లో కీవర్డులు, తెలుగు క్యాప్షన్లు చెదరకుండా ఉండాలంటే?

గోదారిగట్టు:
నమస్కారం. కెనాన్ సీఆర్2 రా ఫైళ్లు (కెమెరా తీసిన ముడి ఫైళ్లు), వాటి జేపెగ్‌లు కలిపి దాదాపు 9,000 ఫోటోలు. కీవర్డులు, స్టార్లు, క్యాప్షన్లు అన్నీ అడోబీ ఫోటో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో పెట్టినవే. అదే ఫోల్డర్‌ను ఇప్పుడు రా ఫైళ్లు ఎడిట్ చేసే డార్క్‌టేబుల్‌లోనూ, వెతుకులాటకు డిజికామ్‌లోనూ తెరుస్తున్నాను. మొదట్లో స్టార్లు డార్క్‌టేబుల్‌లోకి వచ్చాయి కానీ, ఆ తర్వాత లైట్‌రూమ్‌లో మార్చినవి రావడం లేదు. పిక్ ఫ్లాగులైతే (నచ్చినవాటికి పెట్టిన జెండా గుర్తులు) అసలే రాలేదు. ఇంకొకటి, కొన్ని జేపెగ్‌లలో ఊరి పేరు "రాజమహేంద్ర" దగ్గర తెగిపోయి చివర పెట్టె గుర్తు పడుతోంది. ఎక్కడి నుంచి సరిచేసుకు రావాలి?

చీకటిగది:
ముందు సైడ్‌కార్ సంగతి చూడండి, అంటే ఫోటో పక్కనే ఉండి దాని వివరాలు దాచే చిన్న ఫైలు. లైట్‌రూమ్‌లో మీరు పెట్టినదంతా మొదట క్యాటలాగ్‌లోకే (లైట్‌రూమ్ సొంత డేటాబేస్) పోతుంది, ఫైలు దగ్గరికి రాదు. లైబ్రరీ గ్రిడ్‌లో కంట్రోల్+ఏ, తర్వాత కంట్రోల్+ఎస్ కొడితే రా ఫైలు పక్కన ఎక్స్‌ఎంపీ ఫైలు (కీవర్డులు, క్యాప్షన్ల వంటి మెటాడేటా రాసే ఫార్మాట్) పుడుతుంది. జేపెగ్, టిఫ్, డీఎన్‌జీలకైతే ఫైలు లోపలే రాస్తుంది. ఇకపై తనంతట తానే రాయాలంటే క్యాటలాగ్ సెట్టింగ్స్‌లో మెటాడేటా ట్యాబ్‌కి వెళ్లి, మార్పులను ఎక్స్‌ఎంపీలోకి ఆటోమేటిక్‌గా రాసే గడికి టిక్ పెట్టండి.

అసలు చిక్కు పేర్లలో ఉంది. లైట్‌రూమ్ ఐఎంజీ_1234.ఎక్స్‌ఎంపీ అని రాస్తుంది. డార్క్‌టేబుల్ ఐఎంజీ_1234.సీఆర్2.ఎక్స్‌ఎంపీ అని రాస్తుంది. తన ఫైలు లేనప్పుడు మాత్రమే డార్క్‌టేబుల్ లైట్‌రూమ్ ఫైలును చదివి ట్యాగులు, స్టార్లు, రంగు లేబుళ్లు తీసుకుంటుంది. ఒకసారి తన ఫైలు పుట్టాక రెండోదాన్ని పట్టించుకోదు. మీకు తర్వాతి మార్పులు రాకపోవడానికి కారణం ఇదే. అందుకే లైట్‌రూమ్ పని పూర్తిగా ముగించి, కంట్రోల్+ఎస్ కొట్టాకే డార్క్‌టేబుల్‌లోకి ఇంపోర్ట్ చేయండి.

డిజికామ్ కూడా మామూలుగా ఎక్స్‌టెన్షన్‌తో సహా పేరు పెడుతుంది. కాన్ఫిగర్ డిజికామ్‌లో మెటాడేటా, అందులో సైడ్‌కార్స్ తెరిస్తే కమర్షియల్ ప్రోగ్రాములకు సరిపడే పేర్లు వాడే ఆప్షన్ ఉంది. అది పెడితే లైట్‌రూమ్ ఫైలునే చదువుతుంది, రాస్తుంది. అయితే ఒకే పేరుతో సీఆర్2, జేపెగ్ రెండూ ఉంటే ఆ ఒక్క సైడ్‌కార్ రెండింటికీ అంటుకుంటుంది. జేపెగ్‌లను వేరే ఫోల్డర్‌లోకి మార్చి ఆ తర్వాత ఆప్షన్ పెట్టండి.

కలెక్షన్లు, వర్చువల్ కాపీలు ఎక్స్‌ఎంపీలోకి రావు. పిక్ ఫ్లాగులు వేరే ప్రోగ్రాముల్లోకి వస్తాయని నమ్ముకోవద్దు. ఫ్లాగ్ ఉన్నవాటిని ఫిల్టర్ చేసి "ఎంపిక" లాంటి కీవర్డు ఇచ్చేయండి, అది ఎక్కడికైనా వస్తుంది.

అక్షరగణితం:
ఊరి పేరు తెగడం వేరే జబ్బండీ. జేపెగ్‌లో ఎక్స్‌ఎంపీతో పాటు పాత ఐపీటీసీ ఐఐఎం బ్లాకు (వార్తా ఫోటోల వివరాలకు వాడిన పాత మెటాడేటా పద్ధతి) కూడా ఉంటుంది. అందులో ఊరి పేరుకు 32 బైట్లు, ఒక్కో కీవర్డుకు 64, క్యాప్షన్‌కు 2,000 మాత్రమే చోటు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి)లో తెలుగుకు మూడు కావాలి. అదీ కంటికి కనిపించే అక్షరానికి కాదు, గుణింతం గుర్తు, పొల్లు, సున్న దేనికది మూడు. "రాజమహేంద్రవరం" 13 గుర్తులు, 39 బైట్లు. 32 దగ్గర కోస్తే పది గుర్తులు మిగిలి, "వ"లో రెండు బైట్లు వేలాడతాయి. మీ పెట్టె గుర్తు ఆ రెండు బైట్లదే. "భద్రాచలం సీతారాముల కల్యాణం" అని కీవర్డు ఇచ్చినా 74 బైట్లయి తెగుతుంది.

ఎక్స్‌ఎంపీలో ఈ హద్దు లేదు, అక్కడ పూర్తి పేరే ఉండి ఉంటుంది. ఎగ్జిఫ్‌టూల్‌తో (మెటాడేటా చదివి, మార్చే కమాండ్ లైన్ ప్రోగ్రాము) ఎక్స్‌ఎంపీ సిటీ, ఐపీటీసీ సిటీ రెండూ విడివిడిగా చూడండి. ఎక్స్‌ఎంపీ బాగుంటే, ఐపీటీసీ గ్రూపు మొత్తాన్ని ఖాళీ విలువతో తుడిచేయండి. ఐఐఎంలో మాత్రమే ఉన్న ఫీల్డులుంటే ముందు ఎక్స్‌ఎంపీలోకి కాపీ చేయాలి. ఈ వరుస తప్పకండి.

గోదారిగట్టు:
పత్రికలకు పంపే ఫోటోల్లోనూ ఐఐఎం తీసేయొచ్చా? విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో తెలుగు టైప్ చేస్తే ప్రశ్నార్థకాలు పడుతున్నాయి.

అక్షరగణితం:
పాత న్యూస్ డెస్క్ సాఫ్ట్‌వేర్ ఐఐఎంనే చదువుతుంది. అక్కడికి పంపే కాపీల్లో ఉంచండి, ఊరి పేరు ఇంగ్లిష్‌లో రాయండి. తెలుగు రాయక తప్పదనుకుంటే ఐఐఎంలో కోడెడ్ క్యారెక్టర్ సెట్ అనే ఫీల్డులో యూటీఎఫ్-8 అని కూడా పెట్టాలి, లేకుంటే చదివేవాడు లాటిన్ అనుకుని చెత్త చూపిస్తాడు.

ప్రాంప్ట్‌లో తెలుగు టైప్ చేయొద్దు. నోట్‌ప్యాడ్‌లో లైనుకొక ఆర్గ్యుమెంట్ చొప్పున, కొటేషన్లు లేకుండా రాసి, బీఓఎం (ఫైలు మొదట్లో చేరే కనిపించని గుర్తు) లేని యూటీఎఫ్-8గా సేవ్ చేసి, ఆ ఫైలును ఎగ్జిఫ్‌టూల్‌కు ఎట్ గుర్తు (-@) ఆప్షన్‌తో ఇవ్వండి. ముందు పది ఫోటోల మీద చేసి చూడండి. ఎగ్జిఫ్‌టూల్ మార్చే ముందు పాత ఫైలును ఒరిజినల్ అన్న తోకతో దాస్తుంది. అన్నీ సరిచూసుకునేదాకా వాటిని చెరపొద్దు.

చీకటిగది:
బయట ఎగ్జిఫ్‌టూల్‌తో మార్చాక లైట్‌రూమ్‌లో రీడ్ మెటాడేటా ఫ్రమ్ ఫైల్ కొట్టాలి. అది డెవలప్ సెట్టింగులను కూడా ఫైల్లో ఉన్నవాటితో మార్చేస్తుంది కాబట్టి ఎగ్జిఫ్‌టూల్ వాడకముందే కంట్రోల్+ఎస్, క్యాటలాగ్ బ్యాకప్ చేయండి.

రంగుపెన్సిల్:
రంగు లేబుళ్లు వాడితే ఇదొకటి గమనించండి. ఎక్స్‌ఎంపీలో చేరేది రంగు కాదు, లేబుల్ పేరు. లైట్‌రూమ్‌లో ఎర్ర లేబుల్ పేరును "ఎరుపు" అని తెలుగులోకి మారిస్తే బ్రిడ్జ్ (అడోబీవారి ఫోటోలు చూసే ప్రోగ్రాము) దాన్ని గుర్తుపట్టక తెల్లగా చూపిస్తుంది. పేర్లు రెండుచోట్లా ఒకటే ఉండాలి. లైట్‌రూమ్‌లో కలర్ లేబుల్ సెట్ కింద బ్రిడ్జ్ డిఫాల్ట్ ఎంచుకుంటే సరి. ముందే వేసిన లేబుళ్లు తమంతట తాము మారవు, ఒక్కో రంగునూ ఫిల్టర్ చేసి మళ్లీ వేయాలి.